గోళ్ళు లెక్కపెట్టని మనిషి

వస్తాడు. రాకుండా ఎక్కడికి పోతాడు? బుధవారం వచ్చిందంటే చాలు, టీకాల రద్దీ సద్దుమణిగే వేళకి గేటు దగ్గర వాడి సైకిలు కిర్రుమంటుంది. ఇవాళ మాత్రం ఎందుకు అనదు, రానీ, ఇవాళ వాడి సంగతేంటో తాడో పేడో తేల్చేస్తాను అనుకుంటూ వీరవేణి ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీని గోడ నీడలోకి లాక్కుని కూలబడింది. పొద్దుటినుంచి పసిపిల్లల తొడల్లో సూదులు గుచ్చి గుచ్చి బొటనవేలు సలుపుతోంది. చెవుల్లో ఇంకా ఏడుపులు మోగుతున్నాయి, ఆఖరి తల్లి బిడ్డని భుజానేసుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయినా సరే ఆ ఏడుపు మాత్రం ఇక్కడే, ఈ పెంకుల కిందే, ఎక్కడో ఇరుక్కుని ఉండిపోయినట్టుంది. లోపల సూరమ్మ నేల తుడుస్తోంది, ఫినాయిలు వాసన గుప్పుమని వస్తోంది, ఒక్క మూత పోయవే అంటే సగం సీసా పోస్తుంది, మిగతా సగం ఏమవుతుందో ఆ దేవుడికే తెలియాలి, ఇంటికి పట్టుకుపోతోందేమో, అడిగితే అయ్యబాబోయ్ అని లెంపలేసుకుంటుంది గాని అడగకుండా ఎలా ఉండడం. కాళ్ళ దగ్గర సెలైన్ సీసాలొచ్చిన అట్టపెట్టె ఉంది. అందులో పాత దుప్పటి ముక్క మీద, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకీ పారేసి, నల్ల కుక్కపిల్ల పడుకుని ఉంది. ఆరింట్లో మిగిలిన ఆఖరిది. ఆడది.

సాయంత్రానికల్లా ఇది ఇక్కడ ఉండకూడదు వేణి గారూ, అని పొద్దున్నే చెప్పేసింది డాక్టరమ్మ ఆశాజ్యోతి గారు. చెప్పడం మెత్తగానే చెప్పింది, ఆ పిల్లకి గట్టిగా మాట్లాడడం ఇంకా చేతకాలేదు, వచ్చి ఏడాదన్నా కాలేదు కదా. జిల్లానుంచి తనిఖీకి వస్తున్నారట, టీకాల గది పక్కన కుక్కలేంటని అడిగితే ఆవిడేం చెబుతుంది పాపం. లేకపోతే పంచాయతీ వాళ్ళకి ఫోన్ చేసేస్తాను, బండి వచ్చి తీసుకెళ్తుంది అంది. ఎక్కడికి తీసుకెళ్తుందో ఆవిడ చెప్పలేదు, వీరవేణి అడగలేదు, ఇద్దరికీ తెలిసిన విషయమే. తను పట్టుకుపోదామంటే ఇల్లు అద్దె ఇల్లు, ఇంటావిడ సంపూర్ణమ్మ గారు గడపలో కుక్క వాసన తగిలితే చాలు సామాను వీధిలో పెట్టించే రకం. సూరమ్మకి ఇప్పటికే రెండు కుక్కలు, మూడోదాన్ని తెస్తే మా ఆయన నన్ను కట్టేసి దాన్ని లోపలికి తోలతాడండీ అంటోంది. ఇక మిగిలింది ఆ సైకిలు మనిషి, చిట్టియ్య ఒక్కడే. ఇస్తే వాడి చేతిలో ఏమవుతుందో తెలియదు, ఇవ్వకపోతే బండిలో ఏమవుతుందో తెలుసు, మధ్యలో ఈ నల్లది మాత్రం హాయిగా నిద్రపోతోంది, నిద్రలో తోక కొసని ఒకసారి ఆడించింది. నిన్ను చూసుకోవడం నా ఖర్మా ఏంటే, అంది వీరవేణి దానితో, అని వెంటనే చుట్టూ చూసింది ఎవరైనా విన్నారేమోనని.

కళ్ళు తెరవకముందునుంచీ చూసుకుంది మరి. తల్లికుక్క గోధుమరంగుది, ఎవరిదీ కాదు, ఆసుపత్రిదే అనుకోవాలి, రాత్రి డ్యూటీలో తోడుండేది, ఇడ్లీ ముక్క వేస్తే మొహమాటంగా తినేది. వాటర్ ట్యాంకు వెనకాల ఆరింటిని పెట్టింది. ఒకరోజు కడియం నుంచి మొక్కలు వేసుకుని పోతున్న లారీ దాన్ని తొక్కేసి ఆగకుండా వెళ్ళిపోయింది, ఆ లారీ మీద ఎక్కడో ఉత్తరాదికి పోయే పొగడ మొక్కలు ఊగుతూ ఉన్నాయి, వీరవేణి గేటు దగ్గర నిలబడి ఆ మొక్కల్నే చూస్తూ ఉండిపోయింది, కింద రోడ్డు మీదికి చూడబుద్ధి కాక. ఆ సాయంత్రం నుంచీ పాల ప్యాకెట్టు తెప్పించి, సూది తీసేసిన సిరంజితో ఒక్కోదాని నోట్లో ఒక్కో చుక్కా వదిలింది. బతకవండీ అంది సూరమ్మ. ఆరూ బతికాయి. కొంచెం బలిసి వరండాలో దొర్లడం మొదలెట్టాక, మందులకొచ్చిన ప్రతివాడూ ఒకసారి పెట్టెలోకి తొంగిచూసి వెళ్ళేవాడు. చూసిన ప్రతివాడూ ఒకటే పని చేసేవాడు: పిల్లని మెడ వెనకాల తోలు పట్టుకుని పైకి ఎత్తడం, కుయ్యోమంటే పిరికిదని పక్కన పడేయడం, గమ్మునుంటే తిరగేసి గోళ్ళు లెక్కపెట్టడం. వెనక కాళ్ళకి కూడా అదనపు గోరుండి మొత్తం ఇరవై అయితే ఇంటికి మంచిదట, దొంగ గడప తొక్కడట. లేకపోతే వట్టి వీధికుక్కట. ఈ లెక్కలు ఎవరు పెట్టారో గాని చదువుకున్న అచ్చిబాబు మాస్టారు కూడా కళ్ళజోడు సర్దుకుని మరీ లెక్కపెట్టాడు. మగవి రెండూ అలా పోయాయి. ఆడవాటిని ఎత్తి చూసి, అబ్బే, ఈని ఈని చంపుతాయండీ అని మళ్ళీ పెట్టెలో పడేసేవాళ్ళు. ఆడదాన్ని నిండా పెంచినవాడు ఈ చుట్టుపక్కల లేడు.

అలాంటప్పుడు వచ్చాడు వీడు. ఆ రోజూ బుధవారమే, రద్దీ ఇంకా తగ్గలేదు, వరండా నిండా తల్లులూ పిల్లలూ, తను సూది చేత్తో పట్టుకుని ఒక బిడ్డ తొడ నొక్కిపట్టి ఉంది. తల ఎత్తి చూస్తే మెట్ల కింద, పంపు దగ్గర, ఎవరో మగమనిషి. యాభై దాటి ఉంటాయి, సన్నగా, ఎండకి మాడిపోయి, మూతికి తువ్వాలు కట్టుకుని, ఒక కాలు మెట్టు మీద పెట్టి మళ్ళీ తీసేసి. అక్కడేం చేస్తున్నావయ్యా, ఏం కావాలి, కుక్కపిల్లకేనా, అని అరిచింది తను. అప్పటికి ఆ వారమంతా మగవాళ్ళు వస్తున్నది దానికే కదా. వాడు ఆడవాళ్ళందరి వంకా ఒకసారి చూసి, తువ్వాలు లోపలినుంచి, ఆయ్, అవునండి అన్నాడు. మగవి అయిపోయాయి, ఆడవే ఉన్నాయి అంటే, ఏదైనా పర్లేదండి అన్నాడు. సూరమ్మ ఒకదాన్ని చేతికిచ్చింది. మెడ పట్టుకుని ఎత్తలేదు. గోళ్ళు చూడలేదు. మొహం పక్కకి తిప్పుకుని, చేతులు చాపి, ఏదో వేడి గిన్నె అందుకున్నట్టు అందుకుని, సైకిలుకి తగిలించిన బుట్టలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు వీరవేణి సంతోషించింది కూడా, హమ్మయ్య ఒక ఆడపిల్ల గడప ఎక్కింది అని. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

ఎందుకంటే ఆ పై బుధవారం మళ్ళీ వచ్చాడు. అదే పంపు, అదే తువ్వాలు. ఏమయ్యా, మళ్ళీ కుక్కపిల్లకేనా అంది తను. ఆయ్ అన్నాడు. ఒకదానికి తోడనుకుని ఇచ్చింది. ఆ పై వారం ఇంకోటి. అప్పుడు కదా అనుమానం పురుగు తొలచడం మొదలెట్టింది. ఎవరికీ అక్కర్లేని ఆడకుక్కపిల్లల్ని మూడింటిని ఒక మనిషి గోళ్ళైనా లెక్కపెట్టకుండా పట్టుకుపోయాడంటే ఏంటర్థం? పెంచుకునేవాడైతే ఏది మంచిదో చూసుకోడా? వంకాయలు కొనేటప్పుడు కూడా పుచ్చు చూసుకుంటామే! పేరడిగితే చిట్టియ్య అని చెప్పడానికి అంతసేపు ఆలోచించాడేం? ఏ ఊరంటే ఏదో లంక ఊరి పేరు చెప్పాడు, ఆ లంకకి వేరే ఆసుపత్రి ఉంది, వేరే నర్సమ్మ ఉంది, వెంకటదుర్గ అని, చీటికీమాటికీ ఫోన్ చేసి విసిగించే పిల్ల. ఆ ఆసుపత్రి దాటుకుని, కాలవ గట్టు పట్టుకుని, ఇంత దూరం సైకిలు తొక్కుకుంటూ కుక్కపిల్ల కోసం వస్తాడా ఎవడైనా, వాళ్ళ ఊళ్ళో కుక్కలు గొడ్డుపోయాయా? పైగా మెట్లెక్కడు. ఎప్పుడూ మెట్లెక్కలేదు. దగ్గరకి రా, వచ్చి చూసుకో అంటే అక్కడినుంచే తల ఊపుతాడు. ఏ తప్పూ లేనివాడు మొహం ఎందుకు దాచుకుంటాడు? అన్నింటికన్నా ముఖ్యం, మూడోసారి తనే పిల్లని ఇద్దామని మెట్లు దిగితే వాడు రెండడుగులు వెనక్కి వేశాడు, వేసినా గాలి ఇటు కొట్టింది, లవంగం వాసన వచ్చింది.

లవంగం! ఆ వాసన సంగతి వీరవేణికి ఇంకొకళ్ళు చెప్పాలా? మొగుడు జానకిరామ్ మొక్కల నర్సరీలో గుమాస్తాగా చేసే రోజుల్లో, ఆదివారం వచ్చిందంటే రావులపాలెం వెళ్ళొస్తానోయ్ అరటిపళ్ళు చవగ్గా దొరుకుతాయి అని బండేసుకుని పోయేవాడు. రాత్రికి గెల తెచ్చి గుమ్మంలో దింపేవాడు, చూశావా చక్రకేళీ అని. నోట్లో లవంగం. ఎన్ని ఆదివారాలు నమ్మింది! ఇరుగుపొరుగుకి పంచింది కూడా, మా ఆయన రావులపాలెం మార్కెట్ నుంచి తెచ్చారని గొప్పగా. తర్వాత ఎప్పుడో ఆ గెలలు మన సెంటర్లో తోపుడుబండి వాడి దగ్గర కొన్నవని, మనిషి వెళ్ళొస్తున్నది యానానికని, అక్కడ మందు సీసా చవకని తెలిసింది. తోపుడుబండివాడే చెప్పాడు, ఏమ్మా ఈ వారం సార్ గెల తీసుకోలేదు ఒంట్లో బాలేదా అని. ఆమె కోపం అతను తాగినందుకు కాదు, ఆ అరటిపళ్ళని తను కళ్ళకద్దుకుని తిన్నందుకు. షుగరొచ్చి అతను మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు సాయంత్రం ఇంటికెళ్ళేసరికి టీ పెట్టి సిద్ధంగా ఉంచుతాడు, కాళ్ళు నొప్పులా అని అడుగుతాడు. అతను మానేశాడు గాని ఆమె మానలేదు, గ్లాసు అందుకునేటప్పుడు కొంచెం ముందుకు వంగి వాసన చూస్తుంది. అతను చూడనట్టు ఊరుకుంటాడు. అలా ఊరుకోవడం కూడా ఆమెకి అనుమానంగానే ఉంటుంది.

అయినా అనుమానించడం ఆమె ఉద్యోగంలో భాగం. ఎవరు నిజం చెబుతారు ఇక్కడ? ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా అంటే ఆయ్ రోజూ అండి అంటుంది కడుపుతో ఉన్న పిల్ల, కనురెప్ప కిందకి లాగి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది, మాత్రలేమో కాలవలో చేపలు తింటున్నాయి. బి.పి. మందు వాడుతున్నానండి అంటాడు త్రిమూర్తులు, మిషన్ చూస్తే పాదరసం పైకి తన్నుకుపోతుంది. క్షయ మందులు కళ్ళెదురుగా మింగమంటే నాలిక కింద దాచి గుమ్మం దాటాక ఊసేసినవాళ్ళని చూసింది. అందుకే నాలిక ఎత్తమంటుంది. నోటితో చెప్పింది వినకూడదు, ఒళ్ళు చెప్పేది వినాలి అని కొత్తగా వచ్చే ఆశా కార్యకర్త పిల్లలకి పాఠం చెబుతుంది. రోడ్డవతల దగ్గే మనిషిని ఇటుపక్కనుంచి విని, రేపు పరగడుపునే రావయ్యా కళ్ళె పరీక్షకి అని కేకేసిన రోజులున్నాయి, వాళ్ళందరికీ జబ్బు తేలింది కూడా, ఊళ్ళో ఆ పేరు ఉంది ఆమెకి. నర్సమ్మ గారి కంట్లో పడితే తప్పించుకోలేరు అంటారు. మరి ఈ సైకిలు మనిషి కంట్లో పడి మూడు వారాలైంది, ఏం దాస్తున్నాడో ఇప్పటికీ అంతు చిక్కడం లేదు.

కాలవలో పడేస్తున్నాడా? పడేయడానికి ఇంత దూరం వచ్చి పట్టుకుపోవడం దేనికి? అమ్ముతున్నాడా? వీధికుక్కల్ని కొనే వెర్రివాడెవడు? ఆ మధ్య నర్సరీల్లో చిరుతపులి తిరుగుతోందని జనం బిక్కచచ్చిపోయారు, బోనులు పెట్టారు, బోనులో ఎరకి ఏం కట్టారో ఎవరు చూడొచ్చారు. పులి వెళ్ళిపోయిందన్నారు గాని వెళ్ళిపోయిందని పులి వచ్చి చెప్పిందా? అలాంటి బోను ఏదైనా ఉందేమో వీడి దగ్గర. మళ్ళీ తనకే నవ్వొచ్చింది, పులికి ఇంతింత పిల్లలు ఏ మూలకి? నవ్వుతూ ఉండగానే మళ్ళీ భయమేసింది, చేతబడి ఏదైనానేమో, అమావాస్య దగ్గరకొస్తోంది, ఆడపిల్లలే కావాలంటే దానికే అయి ఉండొచ్చు. ఛీ, ఇరవై ఏళ్ళుగా జనానికి మూఢనమ్మకాలొద్దని చెబుతున్న నోరు ఇది. లోపలినుంచి సూరమ్మ గుడ్డ పిండుకుంటూ వచ్చింది. "అమ్మగోరూ, ఆ మడిసి ఇవాళొత్తే ఇచ్చేత్తారా?" అంది. "ఎందుకే?" "ఏం లేదండి, నాకెందుకో ఆడి కళ్ళు సూత్తే బయమేత్తదండి, గుంటలోకి పోయి ఉంటాయి." కళ్ళు గుంటలోకి పోతే భయమెందుకే, పని చేసేవాడికి ఎండకి పోతాయి అని కసిరింది గాని, కసిరాక ఆ కళ్ళే గుర్తొచ్చాయి.

తేల్చుకుందామనే నిన్న జానకిరామ్‌ని పంపింది. నీకు నర్సరీల్లో తెలిసినవాళ్ళున్నారు కదా, ఆ చిట్టియ్య ఏ తోటలో చేస్తున్నాడో, కుక్కపిల్లల్ని ఏం చేశాడో కనుక్కురా అని. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "మంచోడేనటోయ్. మూడూ ఉన్నాయట, మోటారు షెడ్డులో పెంచుకుంటున్నాడట." ఎవరు చెప్పారు? "వాచ్‌మెన్." నువ్వు చూశావా? "చూడ్డానికేముందే, మనిషి చెప్పాడు కదా." చూడలేదన్నమాట. అసలు వెళ్ళాడో లేదో. ఆ సెంటర్లోనే నిలబడి ఫోన్ చేశాడేమో, వెనకాల తోపుడుబండి గంట వినిపించింది, తనకి వినిపించింది. మంచోడేనట! మంచివాళ్ళందరూ అలాగే మొదలవుతారు. ఇవ్వను, అనుకుంది వీరవేణి, అనుకుని పెట్టెలోకి వంగి నల్లదాన్ని ఒళ్ళోకి తీసుకుంది, అది కళ్ళు తెరవకుండానే ఆమె వేలు చప్పరించడం మొదలెట్టింది, సిరంజి అనుకుంటోంది పిచ్చిది, ఇంకా మర్చిపోలేదు. వాడి చేతిలో పెట్టను, బండికీ ఇవ్వను, మరేం చేస్తావు, ఏం చేస్తానో నాకు తెలియదు. గేటు దగ్గర సైకిలు కిర్రుమంది.

వాడే. ఎప్పటికన్నా మెల్లగా దిగాడు, స్టాండు వేయబోతే సైకిలు వాలిపోయింది, మళ్ళీ నిలబెట్టాడు. తాగి ఉన్నాడు, సందేహం లేదు, పట్టపగలు. పంపు దగ్గరకొచ్చి అలవాటు చోట ఆగాడు. తువ్వాలు మూతికి బిగించుకున్నాడు. వరండాలో తల్లులు లేరు, పిల్లలు లేరు, వాడూ ఆమే, ఆమె ఒళ్ళో కుక్కపిల్ల.

"ఇవాళ ఇవ్వను," అంది వీరవేణి, వాడు నోరు తెరవకముందే.

"ఆయ్. అలాగేనండి," అన్నాడు. అని వెళ్ళిపోలేదు. బతిమాలనూ లేదు. కావాల్సినవాడైతే బతిమాలడా? అక్కడే నిలబడి మెట్ల వంక చూస్తున్నాడు.

"తీసుకెళ్ళినవి ఏవి?"

"ఉన్నాయండి. షెడ్డులోనండి. నాతోనే పడుకుంటాయి."

"షెడ్డులో పడుకోవడమేంటి? ఇల్లు లేదా నీకు?"

"ఉందండి."

"ఇంట్లోవాళ్ళు రానివ్వడం లేదా? తాగి పోతే ఎవరు రానిస్తారులే!"

"అయ్యో, లేదండి, నేను చర్చికెళ్ళే మనిషినండి, ముట్టనండి," అన్నాడు కంగారుగా. ఆ కంగారు చూసి ఆమెకి ఇంకా బలం వచ్చింది, లేచి నిలబడింది. మరి లవంగాలెందుకయ్యా నములుతావు, వాసన నాకు తెలియదనుకున్నావా, ఎవరి దగ్గర దాస్తావు, అని గట్టిగానే అడిగేసింది, జానకిరామ్‌ని ఏ రోజూ ఇంత గట్టిగా అడగలేదు, ఆ అరటిపళ్ళ కోపమంతా ఈ ముక్కూమొహం తెలియని మనిషి మీద పడుతోందని ఆమెకి తెలుస్తూనే ఉంది, తెలిసినా ఆగలేదు. వాడు జవాబు చెప్పబోయాడు. చొక్కా జేబు తడుముకున్నాడు. అంతలో మొహం ఎర్రబడిపోయింది, చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా పంపు వెనక గోడ చాటుకి పోయాడు. పారిపోతున్నాడనుకుని ఆమె ఒక మెట్టు దిగింది.

గోడ అవతల దగ్గు. లోపల్లోపల అణిచిపెట్టి, అణగక, అడుగునుంచి చీల్చుకుని వచ్చే దగ్గు. ఆగుతుంది, ఊపిరి వెతుక్కుంటుంది, మళ్ళీ మొదలవుతుంది. వీరవేణికి ఆ దగ్గు తెలుసు. రోడ్డవతలనుంచి విన్నా తెలుసు, నిద్రలో విన్నా తెలుసు. మూడు వారాలు వాడు ఆమె ఎదురుగా, పది అడుగుల దూరంలో, లవంగం పంటికింద పెట్టి దాన్ని ఆపుకుంటూ నిలబడ్డాడు, గుంటకళ్ళతో, ఒళ్ళు తగ్గి వదులైపోయిన చొక్కాతో. తనేమో వాడి గోళ్ళ లెక్కలు చూస్తూ కూర్చుంది. సిగ్గేసింది, ఎవరూ చూడకపోయినా సరే చెవులు వేడెక్కాయి. పసిపిల్లలున్న వరండాకి వాడు ఎందుకు మెట్లెక్కలేదో ఇప్పుడు ఎవరు చెప్పాలి ఆమెకి. ఇంత పేరున్న నర్సమ్మ! కుక్కపిల్లని చంకలో ఇరికించుకుని మెట్లు దిగి, చేతికి దొరికిన మాస్కు ఒక చెవికి తగిలించుకుని, గోడ దగ్గరకి వెళ్ళింది. వాడు చెయ్యి అడ్డం పెట్టి దగ్గరకి రావద్దండి అని సైగ చేశాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"వానలప్పుడు మొదలైందండి."

"మొదటిరోజు దీనికోసమే వచ్చావా?"

"ఆయ్."

"మరి చెప్పవేం?"

"అందరూ ఉన్నారండి. ఇద్దరు మా తోటలో చేసేవోళ్ళే. మీరేమో కుక్కపిల్లకేనా అన్నారు. అవునన్నానండి."

"రెండోసారి?"

"అప్పుడూ అదే అడిగారండి." తప్పు తనదే అన్నట్టు చెప్పాడు. పంపు నీళ్ళతో నోరు కడుక్కుని, ఆ నీళ్ళు ఎక్కడ పడ్డాయో చూసి కాలితో మట్టి కప్పాడు. వీరవేణికి ఏడుపొచ్చింది, ఏడుపొస్తే ఆమెకి కోపం కూడా వస్తుంది. ఏమయ్యా, మందులు ఊరికే ఇస్తాం కదా, మీ ఊళ్ళో వెంకటదుర్గ ఉంది కదా, చెబితే నీ సొమ్మేం పోయింది, ఇన్నాళ్ళు నాన్చితే లోపల ఏం మిగులుతుందనుకున్నావు అని కసురుతూనే పోయింది. వాడు తల వంచుకుని విన్నాడు. అమ్మాయి పురిటికొచ్చిందండి, అన్నాడు ఆఖరికి. ఆలమూరు వాళ్ళకి ఇచ్చాం. వాళ్ళు మంచోళ్ళేనండి, కానీ ఈ జబ్బున్న కొంప అని తెలిస్తే అమ్మాయిని తీసుకెళ్ళరండి. మా ఊళ్ళో చెబితే తెల్లారేసరికి ఆలమూరు తెలిసిపోద్దండి. అందుకని షెడ్డులో ఉంటున్నానండి, నైట్ డ్యూటీ అని చెప్పానండి ఇంట్లో. పుట్టింది ఆడపిల్లండి. నెల దాటింది.

"ఇన్నాళ్ళకి మందుకోసం వచ్చావన్నమాట."

"మందుకు కూడానండి," అన్నాడు. తువ్వాలు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. "ఒక మాట అడుగుదామనండి. ప్రతిసారీ అడుగుదామనే వచ్చానండి. పిల్లని ఎత్తుకోవచ్చాండి?"

ఈ ప్రశ్న పట్టుకుని ఈ మనిషి కాలవ గట్టెంట ఇన్ని బుధవారాలు సైకిలు తొక్కాడు, ప్రతిసారీ తను వాడి చేతిలో ఒక కుక్కపిల్లని పెట్టి పంపింది. అవునని చెప్పేస్తే బావుణ్ణు. చెప్పకూడదు. ఇవాళొకటి, రేపు పొద్దున్నే ఒకటి కళ్ళె తీయించాలి, మూత డబ్బీలు లోపల బీరువాలో ఉన్నాయి, వెంకటదుర్గకి చెప్పకుండా తనే చూసుకోవాలి, బిడ్డని కూడా చూడాలి, కూతుర్ని చూడాలి, ఎవరికీ తెలియకుండా ఎలా చూడాలో అది కూడా తనే చూడాలి. "ఎత్తుకుందువుగాని," అంది. "ఇప్పుడు కాదు. మందు మొదలెట్టాక, నేను చెప్పాక. అప్పటిదాకా దీన్ని కూడా నువ్వే పట్టుకెళ్ళు." నల్లదాన్ని చాపింది. వాడు మొహం పక్కకి తిప్పుకుని రెండు చేతులతో అందుకున్నాడు. అది వాడి చొక్కా గుండీ చప్పరించడం మొదలెట్టింది. ఎంత మెత్తగా పట్టుకున్నాడో చూశాక, ఆమెలో ఇరవై ఏళ్ళ పాత నర్సు మళ్ళీ లేచి కూర్చుంది.

"ఇప్పటిదాకా ఎత్తుకోలేదు కదా?"

"లేదండి."

"చిట్టియ్యా. నిజం చెప్పు."

వాడు కుక్కపిల్ల నోట్లోంచి గుండీ మెల్లగా తప్పించాడు.

"ఒక్కసారండి. అమ్మాయి నీళ్ళకెళ్ళింది, పిల్ల ఉయ్యాల్లో ఏడుస్తా ఉందండి. ఊపిరి బిగబట్టి ఎత్తుకున్నానండి."

"ఎంతసేపు?"

"ఎంతసేపేంటండి," అన్నాడు చిట్టియ్య. "నా ఊపిరి ఎంతసేపని."